వైరు లావెంత? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు వేరువేరుగా కనిపించినా పీటముడి ఒక్కటే. 12 వోల్టుల లైట్లకు ఏ సైజు వైరు లాగాలి?

ప్రశ్న (అల్వాల్ నుంచి): మా ఇంటి ముందు నడకదారి పక్కన 12 వోల్టులవి, 5 వాట్లవి గార్డెన్ లైట్లు ఎనిమిది పెట్టించాం. ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టులను 12 వోల్టుల డీసీగా మార్చే పెట్టె) పోర్టికోలో ఉంది. అక్కడి నుంచి మొదటి లైటుకు 18 మీటర్లు, ఆపైన రెండేసి మీటర్లకు ఒక లైటు. వేసింది 0.75 ఎంఎం (స్క్వేర్ ఎంఎం, అంటే వైరు అడ్డుకోత వైశాల్యం) టూ కోర్ వైరు. మొదటి లైటే నీరసంగా ఉంది, చివరివైతే బెడ్‌లైట్ల కన్నా అన్యాయం. ఎలక్ట్రీషియన్ ఎస్‌ఎంపీఎస్ మార్చి చూశాడు, తేడా లేదు. మీటరు పెడితే చివర కూడా 12 వోల్టులే వస్తున్నాయంటాడు. మరి తప్పెక్కడ?

జవాబు: మీటరు అబద్ధం చెప్పలేదు. కానీ లైట్లు విప్పేసి వట్టి వైరు కొసల మీద పెట్టి ఉంటారు. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పైపు చివర కూడా ట్యాంకు ఒత్తిడే ఉంటుంది, తిప్పాకే అసలు సంగతి తెలుస్తుంది. ఇదీ అంతే. వైరులో కరెంటు పారితేనే వోల్టేజి పడుతుంది. లైట్లన్నీ వెలుగుతుండగా మూడు చోట్ల కొలవమనండి: ఎస్‌ఎంపీఎస్ టెర్మినల్ దగ్గర, మొదటి లైటు జాయింటు దగ్గర, చివరి లైటు జాయింటు దగ్గర. మొదటిచోట 12 ఉండి రెండోచోటికే పడిపోతే తప్పు వైరుది. మొదటిచోటే 11కి దిగితే అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించాలి.

మీరిచ్చిన కొలతలతో లెక్క ఇలా వస్తుంది. ఎనిమిది లైట్లు కలిపి 40 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 3.33 ఆంపియర్లు. మొదటి 18 మీటర్లలో మొత్తం కరెంటు నడుస్తుంది కాబట్టి 18ని 3.33తో గుణిస్తే 60. దీన్ని ఆంపియర్-మీటర్లు అందాం. ఆ తర్వాతి 14 మీటర్లలో ఒక్కో లైటు దగ్గరా కొంత కరెంటు దిగిపోతుంది. సమాన దూరాల్లో సమాన వాట్ల లైట్లుంటే ఆ భాగం పొడవులో సగమే లెక్కలోకి తీసుకుంటే చాలు. 7 ఇంటు 3.33, అంటే సుమారు 23. రెండూ కలిపి 83.

0.75 ఎంఎం రాగి వైరు నిరోధం ఒక మీటరుకు 26 మిల్లీ ఓంలు. కరెంటు వెళ్ళేందుకొకటి, తిరిగొచ్చేందుకొకటి, రెండు వైర్లు కనుక 52. దాన్ని 83తో గుణిస్తే 4.3 వోల్టులు! అందులో 3.1 వోల్టులు మొదటి లైటు చేరకముందే పోతున్నాయి. మొదటి లైటే నీరసంగా ఉందన్నారే, కారణం అదీ. వోల్టేజి తగ్గేకొద్దీ మామూలు రెసిస్టర్ రకం లైట్లు (లోపల కరెంటును సర్దే డ్రైవర్ సర్క్యూట్ లేనివి) తీసుకునే కరెంటు కూడా తగ్గుతుంది కనుక చివర మీటరు 7.7కి బదులు 9, 10 మధ్య చూపించవచ్చు. అయినా వెలుగు పోయినట్టే.

ప్రతిసారీ ఇంత గుణకారం అక్కర్లేదు. 12 వోల్టుల మీద 5 శాతం, అంటే 0.6 వోల్టు వరకు పడినా పరవాలేదనుకుంటే ఆంపియర్-మీటర్లను 15తో భాగించండి. వచ్చిందే స్క్వేర్ ఎంఎంలో వైరు సైజు. 24 వోల్టులకు 30తో భాగించాలి. వెలుగులో ఏ తేడా కనిపించకూడదని 3 శాతానికే పరిమితమైతే 12 వోల్టులకు 9తో, 24కి 18తో. వచ్చిన అంకెకు పైసైజు కొనాలి గానీ కిందిసైజు కాదు. ఇది 20 డిగ్రీల లెక్క. ఎండాకాలం మన మిద్దె మీది పైపుల్లో వైరు 45 డిగ్రీలకు ఎక్కిందంటే రాగి నిరోధం దాదాపు 10 శాతం పెరుగుతుంది. లెక్క అంచుల్లో తేలితే ఇంకో సైజు ఎక్కండి.

మీ 83ని 15తో భాగిస్తే 5.5. అంటే 6 ఎంఎం వైరు. గార్డెన్ లైటు వెనకాల ఉండే చిన్న గ్లాండులో (వైరు దూర్చి బిగించే మూతిలో) 6 ఎంఎం దూరదు, ధరా ఎక్కువే. అందుకని వైరు జోలికి పోకుండా ఎస్‌ఎంపీఎస్‌నే జరపండి. నాలుగో లైటుకీ ఐదో లైటుకీ నడుమ పెట్టి, అక్కడి నుంచి రెండు పక్కలకీ వేర్వేరుగా ఫీడ్ ఇవ్వండి. ఇప్పుడు ఒక్కో పక్క నాలుగేసి లైట్లు, చివరి లైటు 7 మీటర్ల దూరంలో. ఆంపియర్-మీటర్లు 6.7కి దిగిపోతాయి. లైట్ల మధ్య ఇప్పుడున్న 0.75 వైరునే ఉంచినా పడేది 0.35 వోల్టే. లైట్ల మధ్య వైరు కోసం తవ్వాల్సిన పని లేదు. అటువైపు నేల ఎలాంటిదో మీకు తెలుసు, గడ్డపార దిగితే బండే తగులుతుంది.

అయితే పోర్టికో నుంచి అక్కడిదాకా 230 వోల్టుల లైను వెళ్ళాలి. 40 వాట్లకు అది 0.2 ఆంపియరు మాత్రమే కాబట్టి వోల్టేజి పడిపోయే (డ్రాప్) గొడవ లేదు, భద్రత గొడవే. ఎర్తుతో కలిపి మూడు కోర్ల ఆర్మర్డ్ (ఉక్కు తొడుగున్న) కేబుల్, లేదా మంచి పైపులో 1.5 ఎంఎం, మొదట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఎస్‌ఎంపీఎస్ సీల్ చేసిన ఐపీ67 (దుమ్మూ నీరూ చొరని) రకం కావాలి. చిల్లుల రేకు డబ్బాది బయట పెడితే మొదటి వానకే పోతుంది.

230 వోల్టులు బయటికి తీసుకెళ్ళడం ఇష్టం లేకపోతే లైట్లు 3 వాట్లవి పెట్టండి. అప్పుడు 50 ఆంపియర్-మీటర్లు, 4 ఎంఎం సరిపోతుంది. నడకదారికి 3 వాట్లు బొటాబొటి కాదు, నిజానికి 5 వాట్లే ఎక్కువ.

కొందరు ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్క్రూ తిప్పి వోల్టేజి పెంచేస్తుంటారు. సాధారణంగా ఒక వోల్టు అటూ ఇటూ వస్తుంది. చివరి లైటును చూస్తూ తిప్పితే మొదటి లైటు మాడుతుంది. తిప్పదలిస్తే లైట్లన్నీ వెలుగుతుండగా మీటరు మొదటి లైటు దగ్గర ఉంచి, అక్కడ 12 దాటకుండా చూసుకోవాలి. ఏ రెండు లైట్లో మాడిపోయి లోడ్ తగ్గిన రోజున మిగిలినవాటికి వోల్టేజి ఎక్కువవుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇంకా లైట్లు కొననివాళ్ళు 24 వోల్టులవే కొనండి. ఇదే తోటలో ఇవే వాట్లకు కరెంటు సగమై 1.67 ఆంపియర్లు, 42 ఆంపియర్-మీటర్లు. 30తో భాగిస్తే 1.4, అంటే 1.5 ఎంఎం. 12లో 6 ఎంఎం అడిగిన చోట 24లో 1.5తో పనైపోయింది. కరెంటు సగమవడం ఒక లాభం, అదే శాతానికి రెట్టింపు వోల్టులు పోగొట్టుకోగలగడం ఇంకో లాభం. రెండూ కలిసి నాలుగింతలు.

ప్రశ్న (మియాపూర్ నుంచి): హాలు ఫాల్స్ సీలింగ్‌లో 15 మీటర్ల రంగులు మారే ఎల్‌ఈడీ స్ట్రిప్ (పట్టీ) వేశాం. మూడు రోల్స్ ఒకదానికొకటి అతికించారు. తెలుపు పెడితే మొదట్లో తెల్లగా, పోనుపోను గులాబీ రంగుగా మారుతోంది. స్ట్రిప్ నకిలీదా?

జవాబు: స్ట్రిప్ మంచిదే అయ్యుండవచ్చు, అతికించిన పద్ధతే తప్పు. రోల్ 5 మీటర్లే ఎందుకుంటుందంటే ఆ పల్చటి పట్టీలోని రాగి పొర మోయగలిగేది అంతే. మూడు రోల్స్ కరెంటు మొదటి రోల్ గుండా పోవాల్సి వస్తే అది పట్టీ పని కాదు, వైరు పని.

రంగు ఎందుకు మారుతుందంటే, ఎర్ర ఎల్‌ఈడీకి 2 వోల్టులు చాలు, ఆకుపచ్చకీ నీలానికీ 3 వోల్టుల దాకా కావాలి. 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి వరసగా ఉంటాయి. అంటే ఎరుపుకు 6, నీలానికి 9. సరఫరా 10కి పడేసరికి నీలం, ఆకుపచ్చ సొమ్మసిల్లుతాయి, ఎరుపు ఇంకా నిలబడుతుంది. అందుకే గులాబీ.

ఇప్పుడు చేయాల్సింది: అతుకులు విప్పేసి, ఒక్కో 5 మీటర్ల ముక్కకూ కంట్రోలర్ (రంగులు మార్చే పెట్టె) దగ్గర నుంచి విడిగా వైర్లు లాగాలి. అన్ని రంగులకూ కలిపి కామన్ పాజిటివ్ ఒకటి, రంగుకొకటి చొప్పున మూడు, మొత్తం నాలుగు వైర్లు. మీటరుకు 14.4 వాట్ల స్ట్రిప్ అయితే ముక్కకు 72 వాట్లు, 6 ఆంపియర్లు. పాజిటివ్‌లో మొత్తం 6 నడుస్తాయి, రంగు వైర్లలో రెండేసే. కాబట్టి పాజిటివ్ లావుగా, మిగిలినవి సన్నగా ఉన్నా తప్పులేదు. ఒకే రంగు స్ట్రిప్ అయితే రెండు వైర్లే: 8 మీటర్ల దూరానికి 48 ఆంపియర్-మీటర్లు, 15తో భాగిస్తే 3.2, కనుక 4 ఎంఎం. ఆ స్ట్రిప్ 24 వోల్టులదయితే 1 ఎంఎంతోనే అయిపోయేది. 12 వోల్టుల స్ట్రిప్‌కు మాత్రం 24 ఇవ్వకండి, ఒక్క క్షణం ధగధగమని ఆపైన శాశ్వతంగా చీకటి.

మీ మూడు ముక్కలకు మొత్తం 216 వాట్లు. ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన వాట్లలో 80 శాతానికి మించి వాడకూడదన్న లెక్కన 270 వాట్లు కావాలి, దొరికేది 300. అంతకన్నా 100 వాట్లవి మూడు తీసుకుని ఒక్కోదాన్ని దాని ముక్క దగ్గరే పెట్టడం మేలు. కానీ రంగుల స్ట్రిప్‌కు అలా చేస్తే రెండో ముక్కకీ మూడో ముక్కకీ కంట్రోలర్ సంకేతాన్ని అందుకునే ఆర్‌జీబీ యాంప్లిఫయర్ అనే చిన్న డబ్బా తగిలించాలి, లేదంటే మూడూ ఒకే రంగు చూపించవు. ఎక్కడ పెట్టినా చెయ్యి దూరేంత తలుపుండాలి, గాలాడాలి. జిప్సం బోర్డు బిగించేశాక ఎస్‌ఎంపీఎస్ పోతే సీలింగ్ కోయడమే గతి.

స్ట్రిప్‌కు వైరు కలిపేటప్పుడు నొక్కితే బిగిసే ప్లాస్టిక్ క్లిప్పుల్ని 6 ఆంపియర్ల దగ్గర నమ్మకండి. ఆ క్లిప్పులో 0.1 ఓం నిరోధం తేడా వచ్చినా 6 ఇంటు 6 ఇంటు 0.1, మూడున్నర వాట్ల వేడి వేలిగోరంత చోట పుడుతుంది. ప్లాస్టిక్ పసుపెక్కి, తర్వాత నల్లబడి, ఒకరోజు మెత్తబడుతుంది. టంకం వేసి హీట్‌ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగడమే నయం.

వెలుగు తగ్గించే డిమ్మర్ పెడితే వోల్టేజి డ్రాప్ తగ్గుతుందని కూడా ఒకరు రాశారు. తగ్గదు. ఈ డిమ్మర్లు కరెంటును సన్నబరచవు, సెకనుకు వందలసార్లు ఆపి వదులుతాయి. వదిలిన ఆ క్షణంలో పారేది నిండు కరెంటే, పడేదీ నిండు డ్రాపే.

ప్రశ్న (నాచారం నుంచి): హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఒక షాపులో 3/20 అంటారు, ఇంకోచోట 23/36 అంటారు, గుజరాతీ గల్లీలో అయితే 18 గేజ్ అంటారు. పెట్టె మీద స్క్వేర్ ఎంఎం ఉంటుంది. ఏది ఏదనుకోవాలి? పైగా అదే సైజు సగం ధరకే ఇస్తామంటున్నారు.

జవాబు: గీతకు ముందు అంకె పోగుల సంఖ్య, వెనక అంకె ఒక్కో పోగు గేజ్ (లావు చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది). 3/20 అంటే 20 గేజ్ పోగులు మూడు, సుమారు 2 స్క్వేర్ ఎంఎం. 3/22 అయితే 1.2, 7/22 అయితే 2.8, 7/20 అయితే 4.6. సన్నపోగుల వైర్లలో 14/36 అంటే 0.4, 23/36 అంటే 0.67, 40/36 అంటే 1.17. స్పీకరు వైరని ఇచ్చే 14/38లో ఉన్నది పావు స్క్వేర్ ఎంఎం రాగి మాత్రమే. పైకి లావుగా కనిపిస్తుంది, ఆ లావంతా ప్లాస్టిక్కే. ఒక్క ఎల్‌ఈడీ మూడడుగుల్లో వెలిగించడానికైతే సరే.

ఇవన్నీ బ్రిటిష్ గేజ్ లెక్కలు. అమెరికన్ గేజ్ వేరు. 18 గేజ్ తీగ బ్రిటిష్ లెక్కలో 1.17, అమెరికన్ లెక్కలో 0.82. ఆన్‌లైన్‌లో తెప్పించే ఎల్‌ఈడీ వైర్ల మీద ఉండేది అమెరికన్‌దే. కాబట్టి గేజ్ వదిలేసి 'స్క్వేర్ ఎంఎం ఎంత?' అని ఒక్క మాట అడగండి.

సగం ధర వైరులో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. నిరోధం అసలు రాగి కన్నా ఒకటిన్నర రెట్లకు పైనే. మీరు 2.5 అని వేసుకున్నది 1.5 చేసే పని చేస్తుంది. పోగును బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా ఉంటే అల్యూమినియం. టిన్ పూత ఉన్న రాగి దీనికి తలకిందులు: పైన తెల్లగా, గీకితే ఎర్రగా. అది మంచిదే. అయస్కాంతం పట్టుకుపోయి లాభం లేదు, రాగినీ అంటుకోదు, అల్యూమినియాన్నీ అంటుకోదు.

బరువు కూడా చూడవచ్చు. 90 మీటర్ల కాయిల్‌లో 1 ఎంఎం వైరుకు రాగి 800 గ్రాములు, 1.5కి 1.2 కిలోలు, 2.5కి 2 కిలోలు ఉండాలి. ఇన్సులేషన్ బరువు దీనికి అదనం. కాబట్టి కాయిల్ మొత్తం కలిపి కూడా ఈ అంకె చేరకపోతే తిరిగిచ్చేయండి.

ఇంకా నికార్సయిన పరీక్ష కావాలంటే 10 మీటర్లు కోసి, దాన్ని 12 వోల్టుల సరఫరా మీద 12 వాట్ల బల్బుతో వరసగా కలపండి. కరెంటు 1 ఆంపియరు ఉందో లేదో మీటరుతో చూసుకుని, వైరు రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. 1 ఎంఎం రాగికి 195, 1.5కి 133, 2.5కి 80 మించకూడదు. 1 ఎంఎంకు 280 వచ్చిందా, అది రాగి కాదు, లేదా ఆ సైజు కాదు.

ప్రశ్న (చేవెళ్ల దగ్గర పొలం నుంచి): సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ బోరు గది దగ్గర ఉన్నాయి. అక్కడి నుంచి 40 మీటర్ల దూరంలో పశువుల కొట్టంలో 9 వాట్ల డీసీ బల్బులు రెండు. వైరు 1.5 ఎంఎం. సాయంత్రం బాగానే వెలుగుతాయి, తెల్లవారుజామున టపటపా కొట్టుకుంటాయి.

జవాబు: మీకు 18 వాట్లు, 1.5 ఆంపియర్లు, 60 ఆంపియర్-మీటర్లు. 1.5 ఎంఎంలో పడేది 1.6 వోల్టులు. సాయంత్రం బ్యాటరీ 12.6 ఇస్తుంది, బల్బుకు 11 చేరుతాయి. తెల్లారగట్ల బ్యాటరీ 11.4కి దిగితే బల్బుకు చేరేది 9.8. అలాంటి బల్బుల మీద చాలావాటికి 10 నుంచి 30 వోల్టులని రాసి ఉంటుంది. 10 లోపుకి రాగానే లోపలి డ్రైవర్ (కరెంటును సర్దే సర్క్యూట్) ఆగిపోతుంది. ఆగగానే కరెంటు లేదు, డ్రాప్ లేదు, వోల్టేజి మళ్ళీ 11 దాటుతుంది, బల్బు వెలుగుతుంది. వెలగ్గానే మళ్ళీ పడుతుంది. ఆ టపటప ఇదే. పైగా ఈ రకం బల్బు వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గించదు, వాట్లు నిలబెట్టుకోవడానికి ఇంకా ఎక్కువ లాగుతుంది. అందుకే కొట్టుకోవడం ఒక్కసారిగా మొదలవుతుంది, మెల్లగా మసకబారదు.

60ని 15తో భాగిస్తే 4 ఎంఎం. సోలార్ ప్యానెళ్ళకు వాడే 4 ఎంఎం డీసీ కేబుల్ ఎండకీ వానకీ ఆగుతుంది, అదే లాగండి. పాత వైరు పారేయక్కర్లేదు. దానికి తోడుగా 2.5 ఎంఎం ఇంకో జత లాగి రెండు కొసల్లోనూ పాజిటివ్‌కు పాజిటివ్, నెగటివ్‌కు నెగటివ్ కలిపితే రాగి మొత్తం 4 అవుతుంది. ఎరుపు నలుపు కలవకుండా జాగ్రత్త.

మీ ఉత్తరంలో ఫ్యూజు మాట లేదు. బ్యాటరీ నుంచి వైరు బయల్దేరే చోటే, పాజిటివ్‌లో, జానెడు దూరం లోపల కారు ఫ్యూజు 5 ఆంపియర్లది పెట్టండి. 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనుకుంటారు. షాక్ కొట్టదు, కానీ ఎలుక కొరికి రెండు వైర్లు కలిస్తే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, బ్యాటరీకి దగ్గర్లో కలిస్తే వందల ఆంపియర్ల దాకా పోతుంది. కొట్టంలో ఎండుగడ్డి ఉంటుంది. లైట్లను చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్‌కీ బ్యాటరీకీ నడుమ ఉండే పెట్టె) లోడ్ టెర్మినల్ నుంచే తీసుకుంటే, బ్యాటరీ మరీ దిగిపోకముందే అది ఆపేస్తుంది.

జాయింట్లు మెలేసి టేపు చుట్టి వదిలేస్తే ఒక్క వానాకాలం చాలు. డీసీలో తడి తగిలితే పాజిటివ్ వైపు రాగి కరిగి పచ్చ చిలుము పడుతుంది. ఎప్పుడూ పాజిటివ్ జాయింటే ముందు పోవడం మీరూ గమనించి ఉంటారు. లోపల జిగురుండే హీట్‌ష్రింక్ కానీ, జెల్ నింపిన కనెక్టర్ కానీ వాడండి. జాయింటు నేల మీద కాకుండా గోడకు పెట్టెలో, వైరు కింది నుంచి పెట్టెలోకి ఎక్కేలా ఉంచండి. పైనుంచి దిగితే నీరు వైరు వెంట లోపలికే పోతుంది.

ప్రశ్న (సైనిక్‌పురి నుంచి): మిద్దె తోటకు 24 వోల్టుల లైట్లు పెడుతున్నాం. గోడలో ఇప్పటికే ఉన్న 230 వోల్టుల పైపులోంచే ఈ వైర్లు లాగవచ్చా?

జవాబు: వద్దు. 230 వైరు ఇన్సులేషన్ ఎక్కడైనా గీరుకుపోతే మీరు తడిచేత్తో ముట్టుకునే లైటు మీదికి 230 వస్తుంది. విడిగా 20 ఎంఎం పైపు వేయించండి, పిట్టగోడ బయట అంచు వెంట వెళ్తే సరిపోతుంది. మిద్దె తోటలో కుండీలు ఏటా జరుగుతుంటాయి కనుక లైటు దగ్గర అరమీటరు వైరు చుట్టి వదలండి.